ఎర్ర బల్బు ఆరిన ఐదు నిమిషాలు

"నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడుతున్నాను అక్కా. ఈ లోపల ఏం అడుక్కుంటావో అడుక్కో. ఆ తర్వాత ఆ నర్సు నాదీ కాదు, నీదీ కాదు, జైలు వాళ్ళది," అన్నాడు ఎక్స్‌ప్రెస్.

గోడ గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది.

డిపార్ట్‌మెంటులో ఆ ఇన్‌స్పెక్టరుకు ఆ పేరు ఊరికే రాలేదు. ఏ కేసైనా రెండు రోజుల్లో తేల్చేస్తాడు. తేల్చిన వాటిలో సగం నిజంగానే తేలతాయి. మిగిలిన సగంలో ఎవరో ఒకరు మునిగిపోతారు. అయినా పై అధికారులకు అతనంటే ముద్దు. వాళ్ళకు కావలసింది ఫైలు మూతపడటమే.

ఎదురుగా నిలబడ్డ ఇన్‌స్పెక్టరును అందరూ జల్లెడ అంటారు. నలభై మూడేళ్ళ మనిషి. దేన్నైనా నాలుగుసార్లు జల్లించందే సంతకం పెట్టదు. ఆ పేరు మొదట వెక్కిరింపుగా పెట్టారు, ఇప్పుడు ఫోనులో కూడా అలాగే పిలుస్తున్నారు. నిన్నటి చావు కేసును మళ్ళీ ఒకసారి చూడమని పై అధికారి ఆమెను పంపాడు. నాలుగింటిదాకా చూసుకో, ఏమీ దొరక్కపోతే నోరు మూసుకో అని ఒక ముక్క కూడా చేర్చాడు.

చనిపోయింది ఒక లెక్కల టీచరు. వయసు ముప్పై ఎనిమిది. గర్భసంచిలో మూడు గడ్డలు, నెలకు పన్నెండు రోజులు రక్తస్రావం. సంచి తీసేయాలన్నారు. ఆమె ఒప్పుకోలేదు. వెతికి వెతికి, ఇదే ఆస్పత్రి మూడో అంతస్తులో కోత లేని వైద్యం ఒకటి ఉందని తెలుసుకుంది. మణికట్టు దగ్గర చిన్న రంధ్రం చేసి, రక్తనాళంలోంచి సన్నటి గొట్టాన్ని గడ్డల దాకా పంపుతారు. దానిలోంచి ఇసుక రేణువుల్లాంటి పూసలు వదిలి, గడ్డకు వెళ్ళే రక్తాన్ని ఆపేస్తారు. తిండి అందని గడ్డ కొన్ని నెలల్లో ఎండి కుంచించుకుపోతుంది. మర్నాడు ఇంటికి వెళ్ళిపోవచ్చు. టీచరు మాత్రం నిన్న, మంగళవారం, పదకొండు ముప్పై ఏడుకు ఆ బల్ల మీదే గుండె ఆగి చనిపోయింది. నర్సు ట్రేలో లేబుల్ లేని సిరంజి ఒకటి దొరికింది. అందులో గుండెను ఆపే మందు చుక్కలు మిగిలి ఉన్నాయి.

"అలసిపోయింది, ఒక సిరంజికి బదులు ఇంకో సిరంజి ఎక్కించింది. ఇందులో జల్లించడానికి ఏముందక్కా?" అన్నాడు ఎక్స్‌ప్రెస్.

"ఏమీ లేకపోతే నీకెందుకంత తొందర?"

అతను నవ్వి, నర్సు ఉన్న గది తలుపు తోశాడు.

దుప్పట్లు దాచే గది అది. నర్సు మూలన స్టూలు మీద కూర్చుని ఉంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి, రోజుకు ఇరవైసార్లు రుద్ది కడిగే చేతులు. జల్లెడ ఆమె ముందు ఇంకో స్టూలు లాక్కుంది. ఎక్స్‌ప్రెస్ తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆ ట్రే మీదేనా?"

"ట్రే నాదే మేడమ్. సిరంజి నాది కాదు."

"నీ ట్రేలో ఉన్నది నీది కాదంటే ఎవరు నమ్ముతారమ్మా?" అన్నాడు ఎక్స్‌ప్రెస్ వెనకనుంచి.

నర్సు అతని వైపు చూడలేదు. "మేం ఖాళీ సిరంజికి ముందు లేబుల్ అంటించి ఆ తర్వాతే మందు లాగుతాం మేడమ్. ఉప్పునీళ్ళకు నీలం, బొమ్మ కనిపించడానికి ఎక్కించే మందుకు పసుపు, మత్తుకు ఎరుపు. పదేళ్ళ అలవాటు. ఇంట్లో చక్కెర డబ్బాకూ అంటించాను, ఉప్పు డబ్బాకూ అంటించాను. మా ఆయన నవ్వుతాడు. లేబుల్ లేకుండా సిరంజి పట్టుకోవాలంటే నాకు చెయ్యి రాదు."

"ఒప్పుకుంటే నిర్లక్ష్యం. రెండేళ్ళలో బయటికొస్తావు," అన్నాడు ఎక్స్‌ప్రెస్ తాపీగా. "ఒప్పుకోకపోతే హత్య అని రాస్తాను. నీ కూతురికి ఎన్నేళ్ళన్నావు? ఆరు కదూ. నువ్వు వచ్చేసరికి దాని పెళ్ళి వయసు దాటిపోతుంది. ఆలోచించుకో."

నర్సు జల్లెడ వైపు తిరిగింది. "నాలుగింటికి స్కూలు వదులుతారు మేడమ్. రోజూ నేనే వెళ్ళి తీసుకొస్తా. నిన్న వెళ్ళలేదు. ఇవాళ కూడా గేటు దగ్గరే నిలబడి చూస్తుంటుంది," అని మాత్రం అనగలిగింది.

జల్లెడకు ఒళ్ళు మండింది. కానీ ఎక్స్‌ప్రెస్‌తో తగువు పెట్టుకుంటే గడియారం ముందుకు పోతుంది. అందుకే నర్సునే అడిగింది.

"గదిలోంచి ఎప్పుడు బయటికి వెళ్ళారు?"

"పదకొండు ముప్పై ఒకటికి. పూసలు వదలడం అయిపోయింది. అయిపోయాక మా డాక్టరుగారు ఐదు నిమిషాలు ఆగుతారు. రక్తం మళ్ళీ దారి వెతుక్కుంటుందేమోనని. ఆ తర్వాత చివరి బొమ్మ తీసి గొట్టం లాగేస్తారు. ఆ ఐదు నిమిషాల్లో డాక్టరుగారు, టెక్నీషియన్ అద్దం వెనక గదిలో కూర్చుని అంతకుముందు తీసిన బొమ్మల మీద వాదించుకుంటారు. నేను వెనక స్టోరులోకి వెళ్ళి మణికట్టుకు కట్టే బ్యాండు తెచ్చుకుంటాను. ప్రతి కేసుకూ ఇంతే."

"అంటే ప్రతి కేసులోనూ ఆ ఐదు నిమిషాలు పేషెంటు ఒంటరిగా ఉంటుంది. గొట్టం మాత్రం ఒంట్లోనే ఉంటుంది."

నర్సు తల వంచుకుంది. "అద్దంలోంచి కనిపిస్తుంది కదా అనుకుంటాం మేడమ్. కానీ మెషిన్ చెయ్యి అడ్డం."

"స్టోరులో ఉండగా ఏమైనా వినిపించిందా?"

"ఆవిడ మాట వినిపించింది. 'లేదండీ, అస్సలు లేదు' అంది. నొప్పిగా ఉందా అని టెక్నీషియన్ మైకులో అడిగి ఉంటాడనుకున్నాను. మధ్యమధ్యలో అడుగుతుంటాం."

"అడిగిన ప్రశ్న వినిపించిందా?"

"ప్రశ్న..." నర్సు ఆగిపోయింది. కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి. "లేదు మేడమ్. మైకులో అయితే స్టోరుకి కూడా వినిపించాలి. చెవులు పగిలేలా ఉంటుంది ఆ మైకు."

"అంటే ఎవరో దగ్గరికొచ్చి, చెవిలో అడిగారు," అంది జల్లెడ.

"మత్తులో ఉన్న మనిషి తనలో తను మాట్లాడుకుంటుంది అక్కా," అన్నాడు ఎక్స్‌ప్రెస్. ఆవలించాడు కూడా.

మూడో అంతస్తు వరండాలో ఎక్స్‌రే గది తలుపు పైన ఎర్ర బల్బు ఉంది. లోపల మెషిన్ వెలిగినంతసేపూ ఆ బల్బు వెలుగుతుంది, ఎవరూ లోపలికి రాకుండా. దానికి ఎదురుగా బెంచీ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. టీచరు భర్త, బస్సు డ్రైవరు. శవాన్ని పరీక్షకు తీసుకెళ్ళాక కూడా నిన్నటి నుంచి ఇక్కడే కూర్చున్నాడని వార్డు వాళ్ళు చెప్పారు. ఒళ్ళో నీలం అట్ట నోటు పుస్తకం ఉంది.

"నిన్న కూడా ఇక్కడే కూర్చున్నారా?" అని అడిగింది జల్లెడ పక్కనే కూర్చుంటూ.

"ఇక్కడే మేడమ్. బల్బు చూస్తూ కూర్చోమంది మా ఆవిడ. నాకు భయమెక్కువ. అందుకని ముందురోజే డాక్టరుగారిని అన్నీ అడిగి, నాకు పాఠంలాగా చెప్పింది. బల్బు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, కంగారుపడకు. ఎప్పుడైతే ఐదు నిమిషాలు వరసగా ఆరిపోయి ఉంటుందో, అప్పుడు పని అయిపోయినట్టు. లేచి తలుపు దగ్గరికి రా, చివరి బొమ్మ తీసి నన్ను బయటికి తెస్తారు అంది."

"మరి లేచారా?"

"పదకొండు ముప్పై ఒకటికి ఆరింది. ఆ గడియారం చూసి లెక్కపెట్టడం మొదలెట్టాను. ముప్పై నాలుగుకి మళ్ళీ వెలిగింది. నాలుగైదు క్షణాలు వెలిగి ఆరిపోయింది." అతను బల్బు వైపు చూశాడు. "అయ్యో ఇంకా అవ్వలేదు అనుకుని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను మేడమ్. నేను ఇక్కడ ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. అది లోపల పోతోంది."

ఎవరికైనా ఓదార్పు చెప్పడం జల్లెడకు చేతకాదు, చేతకాని పని చేయదు. పుస్తకం వైపు చూపించింది.

"అది మా ఆవిడదే. ఏదో లెక్క. ఆర్నెల్లుగా రాస్తోంది," అంటూ చేతిలో పెట్టాడు.

మొదటి పేజీ తెరిచింది. వరస నెంబర్లు. ఒకటి, బస్సు కండక్టర్, వయసు 41, గడ్డ నాలుగు సెంటీమీటర్లు, సంచి తీసేశారు. రెండు, టైలర్, వయసు 36, గడ్డలు రెండు, చిన్నవి, సంచి తీసేశారు. మూడు, స్కూలు ఆయా. ప్రతి లైను చివరా ఎర్ర సిరాతో టిక్కు ఉంది.

"పేర్లు లేవేం?"

"పేర్లు రాయదు మేడమ్. క్లాసులో మార్కులు చదివేటప్పుడు కూడా పిల్లల పేరెత్తదు, నెంబరే చదువుతుంది. అందరి ముందూ సిగ్గుపడతారని."

"ఈ ఆపరేషన్లు ఎవరు చేశారో కూడా లేదు."

"నాకు చెప్పలేదు. శనివారం మాత్రం ఈ పుస్తకం పట్టుకెళ్ళి ఎవరికో చూపించి వచ్చింది. తప్పెక్కడుందో ముందు చేసినవాళ్ళకే చూపించాలి, ఆ తర్వాతే మార్కులు వేయాలి అంది. పరీక్ష పేపర్లకూ అంతే చేస్తుంది. చేసేది," అని సరిదిద్దుకున్నాడు.

జల్లెడ పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. అప్పుడే రెండో పేజీ కూడా తిప్పి ఉంటే గంటన్నర పని మిగిలేది. కానీ ఈ జల్లెడకు ఒక్కచోట రంధ్రాలు పూడుకుపోయి ఉన్నాయి. ఈ ఊళ్ళో ఆడవాళ్ళకు సంచి తీసే ఆపరేషన్ అనగానే గుర్తొచ్చేది పెద్ద డాక్టరమ్మ. ఇదే ఆస్పత్రి ఐదో అంతస్తు. తొమ్మిదేళ్ళ కిందట ఆమె కత్తి కిందే జల్లెడ బతికి బయటపడింది. గడ్డ బాగా పెరిగిపోయింది తల్లీ, ఇంకో నెల ఆలస్యమైతే నా చేతుల్లో కూడా ఉండదు అని ఆవిడ చెప్పినప్పుడు జల్లెడ ఏడ్చి, ఆ చేతులే పట్టుకుంది. పుట్టబోయే బిడ్డ కోసమని రంగులు వేయించిన చిన్న గదిలో ఇప్పుడు పాత ఫైళ్ళున్నాయి. అయినా ప్రతి ఏడూ ఆపరేషన్ జరిగిన తేదీనాడు ఆవిడకు ఫోను చేసి, మీరు పెట్టిన ప్రాణమమ్మా ఇది అని చెబుతుంది.

ఎక్స్‌రే గదికి వేసిన సీలు తీయించేసరికి రెండు పది అయింది. టెక్నీషియన్ ఇరవై ఏళ్ళుగా ఆ మెషిన్ దగ్గరే పని చేస్తున్నవాడు. బల్ల, బల్ల మీదికి వంగిన మెషిన్ చెయ్యి, ఎదురుగా తెరలు. గదికి రెండు తలుపులు. ఒకటి వరండాలోకి, రెండోది ఆపరేషన్ థియేటర్ల నడవాలోకి. ఆ నడవాలో తిరిగేవాళ్ళందరికీ టోపీ, మాస్కు ఉంటాయి. మాస్కులో ఉన్నవాళ్ళను ఎవరూ ఆపరు.

"ముప్పై నాలుగుకి బల్బు వెలిగిందట," అంది జల్లెడ.

"వెలగదు మేడమ్. ఆ ఐదు నిమిషాలూ మేం ముట్టుకోం."

"కాగితం తీయండి."

మెషిన్ ప్రతిసారీ ఎప్పుడు వెలిగిందో, ఎన్ని సెకన్లు వెలిగిందో రాసిపెట్టుకుంటుంది. కేసు అయ్యాక ఆ కాగితం ప్రింటవుతుంది, ఫైల్లోకి వెళ్తుంది. దాన్ని చదివే మానవుడు ఇంతవరకు పుట్టలేదు. టెక్నీషియన్ వేలు పెట్టి చదువుకుంటూ చివరికొచ్చాడు. వేలు ఆగిపోయింది.

"పదకొండు ముప్పై నాలుగు. నాలుగు సెకన్లు," అన్నాడు. "ఎవరు మేడమ్? డాక్టరుగారు నా పక్కనే ఉన్నారు, ఇద్దరం పాత బొమ్మలు చూస్తున్నాం."

"ఎలా వెలుగుతుంది ఇది?"

"కాలితో. బల్ల కింద పెడల్ ఉంటుంది."

"సీలు ఎవరు తీయమన్నారు?" ఎక్స్‌ప్రెస్ గొంతు గుమ్మంలోంచి వచ్చింది. నర్సు అతని వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య నిలబడి ఉంది.

"నేనే. ఇలా రా. ఇక్కడ నిలబడు," అంది జల్లెడ. నీళ్ళు నింపిన సిరంజి, కప్పు అతని చేతిలో పెట్టింది. "దీన్ని అందులోకి నెమ్మదిగా ఎక్కించు."

"ఏంటక్కా ఈ ఆటలు?"

"నాలుగింటిదాకా నాదేగా. ఎక్కించు."

అతను విసుక్కుంటూ ఎక్కించాడు. జల్లెడ అతని చేతులు చూడలేదు, కాళ్ళు చూసింది. రెండు కాళ్ళూ నేల మీద కర్రల్లా ఉన్నాయి. తర్వాత నర్సు చేత చేయించింది. ఆమె పాదం పెడల్‌కు జానెడు దూరంలోనే ఆగిపోయింది. పెడల్ తొక్కకూడదన్న జాగ్రత్త పదేళ్ళుగా ఆ కాలికి ఉంది.

"చేతులు పనిలో ఉండగా కుడికాలు దానంతటదే పెడల్ వెతుక్కునేది ఎవరికి?" అని టెక్నీషియన్‌ను అడిగింది.

"మా డాక్టరుగారికి."

"ఆయన కాక?"

టెక్నీషియన్ ఆలోచించి, "ఆపరేషన్లు చేసే సర్జన్లకు మేడమ్. కోసినచోట రక్తం ఆపడానికి కాల్చే పెన్ను ఉంటుంది కదా, పాతకాలం వాళ్ళకు దాని పెడల్ కాలి కిందే. ముప్పై ఏళ్ళు తొక్కిన కాలు ఎక్కడ నిలబడినా తొక్కుతూనే ఉంటుంది," అన్నాడు.

"లేబుల్ సంగతి కూడా అదే," అంది జల్లెడ ఎక్స్‌ప్రెస్ వైపు తిరిగి. "సర్జను సిరంజి నింపుకోడు. అన్నీ ఎవరో ఒకరు నింపి చేతిలో పెడతారు. లేబుల్ అంటించాలన్న ధ్యాసే ఉండదు. నువ్వు పట్టుకొచ్చిందేమో లేబుల్ లేకుండా చక్కెర డబ్బా కూడా ముట్టుకోని మనిషిని."

"ఒక బల్బు, ఒక కాలు. ఇవి పట్టుకుని కోర్టుకెళితే జడ్జి నవ్వుతాడు. కాలికి బేడీలు వేస్తావా అక్కా?"

"మేడమ్," అన్నాడు టెక్నీషియన్. కంప్యూటర్లో టీచరు ఫోల్డరు తెరిచి ఉంది. "కాలు తీసిన క్షణంలో ఉన్న బొమ్మను మెషిన్ దాచుకుంటుంది. ఇది ముప్పై నాలుగుది."

తెర మీద నడుం ఎముకలు, వాటి మధ్య సన్నటి గొట్టం. టీచరు ఎడమ చెయ్యి తుంటి పక్కన కట్టి ఉంది, గొట్టం ఆ మణికట్టులోంచే వచ్చింది. ఆ మణికట్టు పక్కన, బొమ్మ అంచులో, ఇంకో చెయ్యి. చర్మం లేదు, తొడుగు లేదు, ఒట్టి ఎముకలు. గొట్టం చివర పట్టుకున్న ఎడమచేతి వేళ్ళు. చిటికెన వేలి పై కీలులో రెండు చిన్న స్క్రూలు తెల్లగా మెరుస్తున్నాయి.

నర్సు కెవ్వుమంది. వెంటనే తన రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ళు విప్పి చూపించింది. "నాకు లేవు సార్! చూడండి సార్, ఎక్స్‌రే తీయండి!"

ఎక్స్‌ప్రెస్ ఆ బొమ్మ వైపు చాలాసేపు చూశాడు. అతనికి అర్థం కాలేదని కాదు. అర్థమైంది కాబట్టే ముఖం ఇంకా గట్టిపడింది. "ఊళ్ళో వేళ్ళన్నీ ఎక్స్‌రే తీయించుకో అక్కా. ఎవరిదో తేల్చేదాకా నా నిందితురాలు ఈవిడే," అని నర్సు మోచెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. ఆమె ఏడుపు లిఫ్టు తలుపులు మూసుకునేదాకా వినిపించింది.

సర్జన్ల గురించి ఎవరిని అడగాలి? జల్లెడకు ఒక్కరే తోచారు. బొమ్మ ప్రింటును కవరులో పెట్టి అంటించి, మెట్లెక్కి ఐదో అంతస్తుకు వెళ్ళింది. అప్పుడు టైము మూడూ ఐదు.

"రా తల్లీ. ఎంత చిక్కిపోయావే," అంది పెద్ద డాక్టరమ్మ. అరవై దాటిన మనిషి. గోడ నిండా సన్మానాల ఫోటోలు. "ఆ టీచరు సంగతేనా? పాపం. ముందు నా దగ్గరికే వచ్చింది. హాయిగా సంచి తీయించుకో, పీడా పోతుందని చెప్పాను. వినలేదు. తీగలతో గడ్డలు ఎండబెడతారట! చూశావుగా ఏమైందో."

"మీ సాయం కావాలమ్మా. ఈ ఆస్పత్రిలో పెడల్ తొక్కే అలవాటున్న సర్జన్లు ఎవరెవరు?"

"అదేం ప్రశ్న?" అని నవ్వుతూ ఆవిడ కవరు అందుకుంది. కత్తెర తీసి అంచు కత్తిరించింది. గది నిశ్శబ్దంగా ఉంది కాబట్టి జల్లెడకు వినిపించింది. కత్తెర కదిలినప్పుడల్లా బల్ల కింద చెప్పు ముందుభాగం నేలను నొక్కుతోంది. టప్. టప్. కత్తెర ఆగగానే అదీ ఆగిపోయింది.

కాదు, కాదు అనుకుంది జల్లెడ.

పెద్ద డాక్టరమ్మ బొమ్మను ఎడమచేత్తో పట్టుకుని కిటికీ వెలుతురులోకి ఎత్తింది. నాలుగు వేళ్ళు కాగితం చుట్టూ వంగాయి. చిటికెన వేలు వంగలేదు. పుల్లలా నిలబడే ఉంది. ఆ వేలి పక్కనే కాగితంలో దాని ఎముక.

ఇద్దరూ దాన్ని ఒకేసారి చూశారు.

"కారు తలుపులో పడింది," అంది పెద్ద డాక్టరమ్మ. గొంతులో తొట్రుపాటు లేదు. కాగితాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. "స్క్రూలున్న వేళ్ళు చాలామందికుంటాయి."

"మీ వేలికి ఎక్కడో ఎక్స్‌రే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడతారు." జల్లెడ బొమ్మ మీద వేలు పెట్టింది. "శనివారం ఆవిడ పుస్తకం చూపించింది మీకే కదా."

"పుస్తకం నీ దగ్గరుందా? అంతా చదివావా?"

జల్లెడ సంచి వైపు చూసింది.

"చదవలేదు. చదివి ఉంటే నన్ను సాయమడగడానికి రావు," అని పెద్ద డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "పద్నాలుగో నెంబరు చూడు తల్లీ."

జల్లెడ పుస్తకం తీసింది. రెండో పేజీ.

పద్నాలుగు. పోలీసు ఇన్‌స్పెక్టర్. వయసు 34. గడ్డ ఒకటే, రెండున్నర సెంటీమీటర్లు. మందులతో సరిపోయేది. సంచి తీసేశారు. తొమ్మిదేళ్ళయింది. పిల్లల్లేరు.

టిక్కు లేదు. పక్కన పెన్సిలుతో చిన్న అక్షరాలున్నాయి: నా సెలవు అయిపోకముందే వెళ్ళి చెప్పాలి. మెల్లగా చెప్పాలి.

రంగులు వేసిన చిన్న గది జల్లెడ కళ్ళ ముందు కదిలింది. తొమ్మిదిసార్లు ఫోను చేసి చెప్పిన కృతజ్ఞతలు కూడా ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. కన్నీళ్ళు ఆగలేదు.

"రికార్డుల గుమాస్తాను మంచి చేసుకుని నా ఫైళ్ళన్నీ చదివింది ఆ టీచరు. నలభై రెండు నెంబర్లు. లెక్కలు వచ్చినంత మాత్రాన వైద్యం వస్తుందా?" పెద్ద డాక్టరమ్మ మాటల్లో నిజమైన చిరాకు ఉంది. "సరే, ఇప్పుడు నీ సంగతి ఆలోచించు. ఆ పేజీ ఉంటే నువ్వు ఈ కేసులో ఉండలేవు. నా మీద పగబట్టి ఇరికించావంటాడు మా లాయరు. నీ కడుపు కథ ఊరంతా చదువుతుంది. ఆ ఒక్క పేజీ చింపెయ్. కేసు నీ చేతిలోనే ఉంటుంది, నన్ను ఏం చేసుకుంటావో చేసుకో."

జల్లెడ పేజీ అంచును వేళ్ళతో పట్టుకుంది. నిజంగానే పట్టుకుంది. ఈ మనిషికి బేడీలు తన చేతులతోనే వేయాలని ఆమెకు అంతగా అనిపించింది. కానీ ఎదురుగా ఉన్న కళ్ళు ఆ వేళ్ళ వైపే ఆశగా చూస్తున్నాయి. సాక్ష్యం చింపిన పోలీసు మాట ఏ కోర్టులోనూ నిలవదు, చింపించిన మనిషికి ఆ సంగతి బాగా తెలుసు. బొమ్మా పోతుంది, పుస్తకమూ పోతుంది, నర్సు మిగులుతుంది. నాలుగింటికి స్కూలు గేటు దగ్గర ఆరేళ్ళ పిల్ల నిలబడుతుంది.

పేజీ వదిలేసి ఫోను తీసింది. మూడు ముప్పై ఒకటి.

"ఏంటక్కా, ఓడిపోయానని చెప్పడానికా?" అన్నాడు ఎక్స్‌ప్రెస్.

"అవును. కేసు నీకే ఇచ్చేస్తున్నాను. ఐదో అంతస్తు, పెద్ద డాక్టరమ్మ గది. స్క్రూలున్న వేలు ఇక్కడుంది. ఎందుకు చేసిందో రాసిన పుస్తకం నా చేతిలో ఉంది. అందులో పద్నాలుగో బాధితురాలిని నేను, కాబట్టి అరెస్టు నువ్వే చెయ్యాలి. ఆ పిల్ల తల్లిని అక్కడే వదిలెయ్, స్కూలు టైముకు అందుకుంటుంది."

అటువైపు చాలాసేపు ట్రాఫిక్ చప్పుడు మాత్రమే వినిపించింది. జీవితంలో మొదటిసారి ఎక్స్‌ప్రెస్ జవాబు చెప్పడానికి ఆలస్యం చేశాడు.

"బండి తిప్పుతున్నాను," అన్నాడు. "ఐదు నిమిషాలు. తలుపు దగ్గరే ఉండు అక్కా."

జల్లెడ కుర్చీని తలుపుకు అడ్డంగా జరుపుకుని కూర్చుంది. బొమ్మ, పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. తనకు తెలియకుండానే ఒక చెయ్యి పొత్తికడుపు మీదికి వెళ్ళింది. పెద్ద డాక్టరమ్మ ఆ చేతిని చూసింది. తొమ్మిదేళ్ళ కిందట మత్తులోంచి లేస్తున్నప్పుడు వినిపించిన అదే మెత్తటి గొంతుతో, బల్ల మీదికి వంగి అడిగింది.

"నొప్పిగా ఉందా తల్లీ?"

"లేదండీ," అంది జల్లెడ. "అస్సలు లేదు."

పెద్ద డాక్టరమ్మ ముఖంలో రక్తం ఇంకిపోయింది. ఆ మాటలు ఇంతకుముందు ఒక్కసారే విన్నదావిడ, నిన్న పదకొండు ముప్పై నాలుగుకి. ఆ గదిలో అప్పుడు ఇంకెవరూ లేరనుకుంది.

జల్లెడ గోడ గడియారం వైపు చూసి, ఐదు నిమిషాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.